చెరువులో నీరెంత? నీటిమట్టం కొలతకు ఒక చరిత్ర

“మీ ఊరి చెరువు నిండిందా?” అని అడిగితే తెలంగాణ రైతు “మత్తడి దుంకింది” అంటాడు. అదే ప్రశ్నకు రాయలసీమ రైతు “మరవ పారింది” అంటాడు. నిండకపోతే “తూము మునిగేదాకా వచ్చింది” అనో, “తూము మెట్లు ఇంకా బయటే ఉన్నవి” అనో చెబుతాడు. చూడడానికి ఇవి మామూలు మాటలే. కాని వీటిలో ఒక కొలత ఉన్నది. మత్తడి ఎత్తు మారదు, తూము ఎత్తు మారదు. మారని వస్తువును గుర్తుగా పెట్టుకొని, మారే నీటిని దానితో పోల్చి చెప్పడమే నీటిమట్టాన్ని కొలవడం.

ఏడాది పొడవునా పారే నది పక్కన నివసించేవారికి ఈ కొలత అంత ముఖ్యం కాకపోవచ్చు. వర్షాలన్నీ నాలుగు నెలల్లో కురిసి, మిగిలిన ఎనిమిది నెలలు ఆ నీటితోనే గడుపుకోవలసిన మెట్టప్రాంతాలలో మాత్రం ఇది జీవన్మరణ సమస్య. ఇంటి యజమాని గాదెలో గింజలెన్ని ఉన్నవో చూసుకొన్నట్లు, ఊరి పెద్దలు చెరువులో నీరెంత ఉన్నదో చూసుకోవలసిందే. ఈ కొలత ఎప్పుడు మొదలైనది, ఎట్లా పెరిగినది, ఇప్పుడు ఎంతవరకు వచ్చినదో తెలుసుకొందాం.

నైలు నది మూరకోల

ప్రపంచంలో నీటిమట్టపు కొలతకు అతి ప్రాచీనమైన ఉదాహరణ ఈజిప్టులో కనబడుతుంది. అక్కడ వర్షం అత్యల్పం. ఏటా వేసవిలో నైలు నదికి వచ్చిన వరదే పూర్వం వారికి పంటగా ఉండేది. వరద తక్కువైతే కరువు, మరీ ఎక్కువైతే ఊళ్ళు మునక. అందుచేత నది ఒడ్డున మెట్లు కట్టి, గోడమీద మూరల లెక్కన గీతలు చెక్కి, వరద ఎన్ని మూరలు లేచినదో చూసేవారు. 12 మూరలైతే కరువనీ, 16 మూరలైతే ఆనందమనీ రోమన్ రచయిత ప్లినీ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో వ్రాశాడు. ఆ ఏటి పన్ను కూడా ఈ లెక్కను బట్టే నిర్ణయమయ్యేది.

కైరో నగరం వద్ద రోడా ద్వీపంలో 861వ సంవత్సరంలో కట్టిన కొలత బావి నేటికీ నిలిచి ఉన్నది. దాని నిర్మాణంలో అల్ ఫర్గానీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుని పేరు వినబడుతుంది. లోతైన బావి మధ్య ఎనిమిది పలకల చలువరాతి స్తంభం నిలబెట్టి, దానిమీద మూరలు గుర్తించారు. బావిని మూడు సొరంగాల ద్వారా నదికి కలిపారు. నదిలో అలలున్నా, ప్రవాహం ఎంత వేగంగా ఉన్నా, బావిలో నీరు మాత్రం నిశ్చలంగా ఉండి నది ఎత్తునే చూపేది. విద్యార్థులు ఈ సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. వేయి సంవత్సరాల తరువాత మన జలాశయాల దగ్గర ఇంజనీర్లు కట్టిన కొలత గదులలోనూ ఇదే సూత్రం పనిచేస్తున్నది.

పోరుమామిళ్ళ శాసనం

మన దేశంలో మెట్టప్రాంతాల చెరువులను గురించి చెప్పే శాసనాలలో కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనం ముఖ్యమైనది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అక్కడ అనంతరాజసాగరమనే చెరువును కట్టించి, ఆ వివరాలను సంస్కృతంలో రాతిమీద చెక్కించాడు. వేయిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళపాటు పనిచేసినట్లు అందులో ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా అది పేర్కొన్నది.

ఆ దోషాలలో రెండింటిని మనం ప్రత్యేకంగా గమనించాలి. కొద్దిపాటి నీటికి విశాలమైన సాగుభూమి ఉండడం ఒక దోషం. ఎక్కువ నీటికి చాలీచాలని భూమి ఉండడం మరొక దోషం. అంటే చెరువులో చేరే నీరు, దానిమీద ఆధారపడిన అవసరం, ఈ రెండూ తూగాలన్నమాట. ఆరున్నర శతాబ్దాలనాటి నిర్మాతలు నీటిని పరిమాణంగా ఆలోచించారనడానికి ఇది చక్కని నిదర్శనం.

ఆ లెక్కను రోజువారీ జీవితంలో అమలుపరచినవాడు తెలంగాణలో నీరటికాడు, రాయలసీమలో నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీరు వదలాలో అతడే చూసేవాడు. చెరువు సగానికి తగ్గితే ఆయకట్టులో ఏ భాగానికి నీరివ్వాలో, దేనిని ఎండగట్టాలో ఊరు తేల్చుకొనేది. ఆ తీర్పుకు అతని కంటికొలతే ఆధారం.

మూసీ నేర్పిన పాఠం

కంటికొలత ఒక చెరువుకు సరిపోతుంది. గొలుసుకట్టుగా వందల చెరువులున్నచోట, వాటి దిగువన మహానగరమే ఉన్నచోట అది చాలదని 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు తెలుసుకొన్నది.

మూసీ నది ఎగువ ప్రాంతంలో అప్పుడు 788 చెరువులుండేవి. ఆ నెల చివర కుండపోతగా వాన కురిసింది. శంషాబాదులో ఒక్క రోజులో దాదాపు 13 అంగుళాల వర్షం పడింది. పై చెరువు తెగి కింది చెరువుమీద పడగా, అది తెగి ఇంకో చెరువుమీద పడింది. ఇట్లా 221 చెరువులు తెగిపోయి, ఆ నీరంతా ఒక్కుమ్మడిగా నగరంమీదికి వచ్చింది. వేలమంది ప్రాణాలు పోయాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బ్రతికినట్లు నేటికీ చెప్పుకొంటారు. ఎగువన ఏ చెరువు ఏ మట్టంలో ఉన్నదో, ఏది ప్రమాద స్థితికి వచ్చినదో నగరానికి తెలిపే ఏర్పాటు లేనందువల్ల నష్టం మరింత పెరిగింది.

మరుసటి ఏడు, అనగా 1909లో, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీటిమట్టంతో పనిచేసే యంత్రాన్ని నిర్మించిన అనుభవం ఆయనకు అప్పటికే ఉన్నది. పూణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన అమర్చిన తలుపులు నీరు పరిమితికి మించగానే వాటంతట అవే తెరుచుకొని, తగ్గగానే మూసుకొనేవి. ఆనకట్టను పెంచకుండానే నీటిమట్టాన్ని సుమారు 8 అడుగులు పెంచగలిగారు. నిలువ దాదాపు నాలుగో వంతు పెరిగింది.

నగరానికి ఎగువన మూసీమీద ఒకటి, దాని ఉపనది ఈసీమీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని విశ్వేశ్వరయ్య సూచించారు. ఆ సూచన ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. అంతవరకు నగరానికి నీరందించిన వాటిలో 1562-63 ప్రాంతంలో తవ్వించిన హుస్సేన్ సాగర్ ఒకటి. ఆ బాధ్యత క్రమంగా ఈ జంట జలాశయాలకు మారింది.

నిండుగా ఉంచాలా, ఖాళీగా ఉంచాలా?

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. వరదను ఆపే జలాశయంలో ఖాళీ ఉండాలి. త్రాగునీటిని ఇచ్చే జలాశయం నిండుగా ఉండాలి. ఒకే జలాశయం ఈ రెండు పనులూ చేయవలసి వచ్చినప్పుడు సెప్టెంబరు నెలలో దానిని ఏ మట్టంలో ఉంచాలి? ఎక్కువ నింపితే పెద్ద వాన వచ్చిననాడు దిగువ బస్తీలకు అపాయం. తక్కువ నింపితే, ఆ వాన రాకపోతే, ఏప్రిల్ నెలలో కుళాయిలకు నీరుండదు.

ఇది ఊహకు తట్టిన సమస్య కాదు. మద్రాసు నగరమే ఇందుకు ఉదాహరణ. ఆ నగరానికి త్రాగునీరిచ్చే చెంబరంబాక్కం చెరువు నుండి 2015 డిసెంబరు 1న సెకనుకు 29,000 ఘనపుటడుగుల వరకు నీరు వదలవలసి వచ్చింది. అడయారు నది పొంగి నగరం మునిగింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2019 జూన్ నాటికి, ఆ చెరువుతో సహా నగరానికి నీరిచ్చే జలాశయాలన్నీ ఎండిపోయి జనం బిందెలతో బారులు తీరవలసి వచ్చింది. పూండి జలాశయానికి మన కండలేరు నుండి తెలుగుగంగ కాలువ ద్వారా వచ్చే కృష్ణా జలాలు వారికి ఎంత విలువైనవో దీనిని బట్టి ఊహించవచ్చు.

కాబట్టి జలాశయాన్ని నడిపే ఇంజనీరు ప్రతిరోజూ వేసుకొనే మొదటి ప్రశ్న: “ఈ ఉదయం మట్టమెంత?” రెండవ ప్రశ్న: “ఆ మట్టంలో నీరెంత?” ఈ రెండూ ఒకే ప్రశ్న అనుకోవడం పొరపాటు.

మట్టం వేరు, పరిమాణం వేరు

బడిలో సులభంగా చేయదగిన ఒక ప్రయోగం చెబుతాం. ఒక గరాటు కాడను మైనంతో మూసి, నిండా నీరు పోయండి. ఆ నీటిని కొలజాడీలోకి వంచి కొలవండి. తరువాత గరాటు లోతులో సగం వరకే నీరు పోసి మళ్ళీ కొలవండి. మొదటిదానిలో సగం ఉంటుందనుకొంటాం. కాని ఎనిమిదో వంతు మాత్రమే ఉంటుంది. ఎందువల్ల? లోతు సగమైనప్పుడు పొడవు, వెడల్పు కూడా సగమైనవి. సగంలో సగంలో సగం అంటే ఎనిమిదో వంతే కదా.

జలాశయం కూడా ఇంచుమించు ఇటువంటిదే. అది లోయకు అడ్డంగా కట్టిన గోడ వెనుక నిలిచిన నీరు. పైన విశాలంగా, అడుగున ఇరుకుగా ఉంటుంది. గరాటు ఆకారంలో 40 అడుగుల లోతుగల జలాశయాన్ని ఊహించుకోండి. అది నిండుగా ఉన్నప్పుడు పైనుండి 4 అడుగులు తగ్గితే మొత్తం నీటిలో నూటికి 27 పాళ్ళు పోయినట్లు. అడుగున 8 అడుగులు మాత్రమే మిగిలి ఉన్నప్పుడు మరో 4 అడుగులు తగ్గితే పోయేది నూటికి ఒక పాలు కూడా కాదు. అందుచేత జలాశయంలో “సగం లోతు ఉన్నది” అన్న వార్త విని సగం నీరున్నదని ధైర్యపడడం ఎంతో ప్రమాదకరం. ఖడక్‌వాస్లాలో పైన కలిపిన 8 అడుగులు అంత లాభం ఎందుకు తెచ్చినవో ఇప్పుడు బోధపడుతుంది.

నిజమైన లోయకు గరాటువంటి చక్కని ఆకారం ఉండదు. అందువల్ల జలాశయం కట్టకముందే ఆ ప్రదేశమంతా సర్వే చేసి, సమాన ఎత్తుగల ప్రదేశాలను కలిపే రేఖలు గీస్తారు. ఒక్కొక్క రేఖ లోపలి వైశాల్యాన్ని లెక్కించి, ఏ మట్టానికి ఎంత నీరో ఒక పట్టిక తయారుచేస్తారు. మన జలాశయాలలో నీటిని టి.ఎం.సి.లలో చెబుతారు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు. ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు, అప్పుడు అందులో నీరు 3.9 టి.ఎం.సి. హిమాయత్ సాగర్‌లో 1,763.5 అడుగుల వద్ద 2.97 టి.ఎం.సి.

కొలిచే పద్ధతులు

అన్నిటికంటె పాతది, ఈనాటికీ విడిచిపెట్టనిది కొలబద్ద. ఆనకట్టకు గాని, తూము గోడకు గాని అడుగులు, అంగుళాలు లేదా మీటర్లు గుర్తించిన పలకను బిగిస్తారు. దాని సున్న గుర్తు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నదో ముందే నిర్ణయమై ఉంటుంది. లస్కరు ప్రతి ఉదయం వెళ్ళి అంకె చూసి పుస్తకంలో వ్రాస్తాడు.

కాని గాలికి అలలు లేస్తాయి. ఒక సెంటీమీటరు తేడా వస్తే ఏమవుతుందని మనం అనుకోవచ్చు. పది చదరపు కిలోమీటర్ల నీటి విస్తీర్ణంమీద ఒక సెంటీమీటరు అంటే పది కోట్ల లీటర్లు! అందుకనే కైరో పద్ధతిలో జలాశయానికి గొట్టంతో కలిపిన బావి కట్టి, అందులో తేలే బెండును ఒక తీగకు కడతారు. బెండు లేచి దిగినప్పుడు కలం ఒకటి గడియారంతో తిరిగే డోలుమీది కాగితంపై గీత గీస్తుంది. రాత్రి రెండు గంటలకు వరద వచ్చినా అది ఆ కాగితంమీద పట్టుబడక తప్పదు.

తరువాతి కాలంలో నీటి ఒత్తిడినిబట్టి లోతును చెప్పే సాధనాలు, నీటి ఉపరితలానికి రాడారు తరంగాలను పంపి అవి తిరిగివచ్చే వ్యవధినిబట్టి దూరం లెక్కించే సాధనాలు వచ్చాయి. 2022 డిసెంబరులో అమెరికా, ఫ్రాన్సు దేశాలు ప్రయోగించిన స్వాట్ అనే ఉపగ్రహం అంతరిక్షం నుండే చెరువుల మట్టాలను కొలుస్తున్నది. అయినా లస్కరు చూసే కొలబద్ద తొలగిపోలేదు. యంత్రం తప్పు చెప్పినప్పుడు దానిని సరిదిద్దవలసినది ఆ బద్దే.

ఎండకు చెల్లించే పన్ను

మెట్టప్రాంతపు జలాశయంలో తూము మూసి ఉంచినా మట్టం తగ్గుతూనే ఉంటుంది. ఆ నీటిని ఎండ, గాలి తీసుకొనిపోతాయి. ఈ నష్టాన్ని తెలుసుకోవడానికి నాలుగు అడుగుల వ్యాసం, పది అంగుళాల లోతుగల తొట్టిలో నీరు పోసి రోజూ ఎంత తగ్గినదో చూస్తారు. చిన్న తొట్టి పక్కలనుండి కూడా వేడెక్కుతుంది గనుక అందులో నష్టం ఎక్కువ. ఆ అంకెను సుమారు 0.7తో గుణిస్తే జలాశయంలోని నష్టం తెలుస్తుంది.

రోజుకు 5 మిల్లీమీటర్లు పోతున్నదనుకొందాం. పది చదరపు కిలోమీటర్ల జలాశయంనుండి రోజుకు ఐదు కోట్ల లీటర్లు ఆవిరవుతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్కిస్తే ఇది 3,70,000 మందికి ఒకరోజు సరిపోయే నీరు. కాబట్టి “ఇంకా వంద రోజులకు నీరున్నది” అని చెప్పేవారు త్రాగేవారిని మాత్రమే లెక్కించి సూర్యుణ్ణి మరచిపోతే, ఆ నీరు వంద రోజులు రాదు.

అడుగున చేరే మేట

మట్టాన్ని సరిగా చదివినా పట్టికే తప్పు కావచ్చు. వరదతోపాటు వచ్చే ఒండ్రు ఏటేటా అడుగున పేరుకొంటుంది. నీటి ఎత్తు అంతే ఉంటుంది. దానికింద నీటికి బదులు మట్టి ఉంటుంది. మంజీర నదిమీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మొదట దానిలో దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టేది. మేటవల్ల నిలువ ఎంతగానో తగ్గిపోగా, తరువాత పూర్తి నీటిమట్టాన్ని పెంచవలసి వచ్చింది. పెంచిన పిదప కూడా దాని సామర్థ్యం 17.8 టి.ఎం.సి.లే. పాత పట్టికనే నమ్ముకొని కూర్చుంటే పుస్తకంలో ఉన్న నీరు కాలువలో కనబడదు.

మేటను కొలవడానికి పూర్వం పడవలమీద తిరుగుతూ లోతులు చూసేవారు. ఇప్పుడు ఉపగ్రహ ఛాయాచిత్రాలు ఒక చక్కని ఉపాయం కల్పించాయి. జలాశయం నిండుగా ఉన్ననాటినుండి తగ్గేదాకా వేర్వేరు తేదీలలో నీటి విస్తీర్ణాన్ని చిత్రాలనుండి కొలుస్తారు. ఆ తేదీలనాటి మట్టాలు లస్కరు పుస్తకంలో ఉంటాయి. రెండింటినీ జతచేస్తే కొత్త పట్టిక సిద్ధం. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఈ పద్ధతిలో పనిచేస్తున్నది. ఉపగ్రహపు చిత్రానికి లస్కరు వ్రాసిన అంకె తోడైతేనే లెక్క పూర్తి కావడం గమనించదగిన విషయం.

సాక్ష్యం చెప్పే పుస్తకం

రోజువారీ మట్టాల పుస్తకం రేపటి నీటిని గురించే కాక నిన్నటి మన పనులను గురించి కూడా చెబుతుంది. జలాశయానికి వచ్చే వాగులన్నిటినీ విడివిడిగా కొలవడం కష్టం. కాని నిలువలో వచ్చిన మార్పు, వాడిన నీరు, ఆవిరైన నీరు తెలిస్తే, లోపలికి వచ్చిన నీరెంతో కూడికలు, తీసివేతలతో తేలుతుంది. హిమాయత్ సాగర్ ఎగువ ప్రాంతపు దశాబ్దాల లెక్కలను పరిశీలించిన పరిశోధకులు, వర్షంలో చెప్పుకోదగిన తగ్గుదల లేకున్నా జలాశయంలో చేరే నీరు తగ్గుతూ వచ్చినట్లు గుర్తించారు. ఎగువన పెరిగిన బోరుబావులు, వాగులకు అడ్డంగా కట్టిన చిన్న కట్టలు ఇందుకు కారణాలు. ఎగువ రైతుకు ఆ నీరు అవసరమే. దిగువ నగరానికీ అవసరమే. ఎవరికెంత అన్నది ధర్మాధర్మ విచారణ. కాని ఆ విచారణ లెక్కతో మొదలుకావాలి.

2015-16 నాటి అనావృష్టిలో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, మంజీర, సింగూరు నాలుగూ ఇంచుమించు అడుగంటాయి. దూరంనుండి తెచ్చిన కృష్ణా, గోదావరి జలాలే హైదరాబాదును ఆదుకొన్నాయి. నాలుగేళ్ళ తరువాత, 2020 అక్టోబరులో, హిమాయత్ సాగర్ తలుపులెత్తి వరదను మూసీలోకి వదలవలసి వచ్చింది. మెట్టప్రాంతంలో నీటి స్వభావమే ఇది. సరాసరి వర్షపాతం చూసి ఇక్కడ నీటిని నడపలేం. ఈనాటి మట్టం చూసి నడపాలి.

కేంద్ర జల సంఘం దేశంలోని ప్రధాన జలాశయాల మట్టాలను ప్రతి వారం ప్రకటిస్తున్నది. ఉపాధ్యాయులు ఆ అంకెలతో తరగతిలో రేఖాచిత్రం గీయించవచ్చు. అంతకంటె మంచి పని మరొకటి ఉన్నది. ఊరి చెరువు తూము గోడమీద రంగుతో అరడుగుకొక గీత గీసి, వారానికొకసారి విద్యార్థులచేత మట్టం వ్రాయించాలి. పక్కనే వర్షమెంతో వ్రాయించాలి. నాలుగైదు ఏళ్ళు గడిచేసరికి ఆ నోటుపుస్తకం ఊరికి పనికివచ్చే ఆస్తి అవుతుంది. నీరటికాడు తన కంటితో చూసి మనసులో ఉంచుకొన్న లెక్క అతనితోనే పోయింది. కాగితంమీద ఉన్న లెక్క తరువాతివారికి దక్కుతుంది. కరువు ఏడు చెరువు ఎండిపోయాక కొలిచి ప్రయోజనం లేదు. నిండుగా ఉన్ననాడే కొలత మొదలుపెట్టాలి.